అంతరిక్ష వ్యూహక్రీడల్లో ఆకాంక్షాభంగం: కృష్ణా డెల్టా సాహిత్య, క్రీడా సంప్రదాయాల వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

అంతరిక్షం నేపథ్యంగా సాగే కంప్యూటర్ వ్యూహక్రీడలు ఆడేవారికీ, వాటిని రూపొందించే సంస్థలకూ మధ్య తరచుగా తీవ్రమైన వివాదాలు తలెత్తుతున్నాయి. ఈ వివాదాలను వినియోగదారుల అసంతృప్తిగానో, యువకుల ఆవేశంగానో తీసిపారేయడం పరిపాటి. తెలుగు సాహిత్యవిద్యార్థికి పరిచయమైన ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే భావనల ఆధారంగా ఆ వివాదాలను పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. బందరు అవధాన సంప్రదాయం, గుడివాడలో పుట్టిన గ్రాండ్‌మాస్టర్ కోనేరు హంపి ఆడిన చదరంగ పోటీ, దివిసీమ నిందాస్తుతి శతకం ఇందుకు పోలికలుగా స్వీకరించబడ్డాయి. క్రీడాసమాజంలోని కలహానికి మూలం ఆట మీద ద్వేషం కాదనీ, ఆట ఇచ్చిన మాట మీద ఆటగాడు ప్రకటించే హక్కు అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వ్యూహక్రీడ, ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి, అవధానం, చదరంగం, నిందాస్తుతి, క్రీడాసమాజం.

1. ఉపోద్ఘాతం

అంతరిక్ష వ్యూహక్రీడలో ఆటగాడు ఒక గ్రహంతో, ఒకటి రెండు నౌకలతో ఆట మొదలుపెడతాడు. చుట్టూ ఉన్న నక్షత్రమండలాలను కనుగొంటాడు, వాటిలో స్థావరాలు ఏర్పరుస్తాడు, వనరులు కూడబెడతాడు, ఇతర సామ్రాజ్యాలతో సంధి విగ్రహాలు నడుపుతాడు. 1993లో ‘మాస్టర్ ఆఫ్ ఓరియన్’ అనే క్రీడను పరిచయం చేస్తూ అమెరికన్ క్రీడావిమర్శకుడు అలాన్ ఎమ్రిచ్ ఈ వ్యాపారాలన్నిటినీ నాలుగు క్రియలుగా కుదించాడు: అన్వేషణ, విస్తరణ, వనరుల వినియోగం, నిర్మూలన. ఆంగ్లంలో ఆ నాలుగు మాటల్లోనూ వినిపించే ‘ఎక్స్’ ధ్వనిని బట్టి ఈ ప్రక్రియకు ‘4ఎక్స్’ అనే పేరు స్థిరపడింది. ఒక విమర్శకుడు పెట్టిన పేరు ప్రక్రియకు లక్షణమై, తరువాతి రచనలను కొలిచే కొలబద్దగా మారడం సాహిత్యచరిత్రకు కొత్త కాదు. ప్రబంధానికి అష్టాదశ వర్ణనలు ఎలాంటివో ఈ ప్రక్రియకు ఈ నాలుగు క్రియలు అలాంటివి.

లక్షణం ఏర్పడిన చోట ఆకాంక్ష ఏర్పడుతుంది. ఆకాంక్ష ఉన్న చోట భంగానికీ అవకాశం ఉంటుంది. జర్మన్ విమర్శకుడు హాన్స్ రాబర్ట్ యాస్ 1967లో కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రారంభోపన్యాసంలో పాఠకుల ‘ఆకాంక్షా క్షితిజం’ గురించి ప్రస్తావించాడు. రచన పాఠకుడి ముందున్న క్షితిజాన్ని విస్తరింపజేయడంలోనే దాని సాహిత్యవిలువ ఉందన్నది ఆయన వాదనలో ప్రధానాంశం. అయితే క్రీడ విషయంలో ఈ సిద్ధాంతం పూర్తిగా సరిపోదు. పుస్తకం అచ్చయిన తరువాత పాఠకుడి చేతిలో మారదు. నేటి కంప్యూటర్ క్రీడ మాత్రం కొన్న తరువాత కూడా అప్‌డేట్ల రూపంలో మారుతూనే ఉంటుంది. ఆటగాడు వందల గంటలు సాధన చేసి నేర్చుకున్న నియమం ఒక ఉదయానికి లేకుండా పోవచ్చు. కాబట్టి ఇక్కడ చర్చించవలసింది పాఠకస్పందన ఒక్కటే కాదు. నియమం మీద అధికారం ఎవరిదన్న ప్రశ్న కూడా ఉంది. ఆ ప్రశ్నకు దిగువ కృష్ణా డెల్టా సంప్రదాయాలలో ఉపయోగపడే ఆధారాలు ఉన్నాయి.

2. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి

వాక్యార్థబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు హేతువులను భారతీయ శాస్త్రకారులు చెప్పారు. ఒక పదం మరొక పదాన్ని కోరడం ఆకాంక్ష. ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు అని వరుసగా పలికితే పదాలు ఉన్నాయి కాని ఒకదానికొకటి అక్కర లేదు, కనుక అది వాక్యం కాదు. అర్థాలు పరస్పరం పొసగడం యోగ్యత. నిప్పుతో తడుపుతున్నాడు అంటే వ్యాకరణం సరిపోయినా అర్థం పొసగదు. పదాలు ఆలస్యం లేకుండా ఉచ్చరింపబడడం సన్నిధి. ఒక మాట పొద్దున, మరొక మాట సాయంత్రం పలికితే వినేవాడికి వాక్యం అందదు.

ఈ మూడింటినీ క్రీడకు అన్వయిస్తే, ఆటగాళ్ల ఫిర్యాదులలో కలగాపులగంగా కనిపించే అంశాలు విడివిడిగా తెలుస్తాయి. క్రీడ పేరు, ప్రక్రియ, పూర్వభాగాలు, ప్రకటనలు కలిసి ఆకాంక్షను పుట్టిస్తాయి. ఆటలో అమర్చిన నియమాలు ఆ ఆకాంక్షకు పొసగడం యోగ్యత. చెప్పినది చెప్పిన వేళకు చేతికి అందడం సన్నిధి.

2003లో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ ఓరియన్ 3’ యోగ్యతాలోపానికి స్పష్టమైన ఉదాహరణ. మొదటి రెండు భాగాలు 1993లోనూ 1996లోనూ వచ్చి ఈ ప్రక్రియకే ఆదర్శంగా నిలిచాయి. మూడవ భాగంలో గ్రహాల పాలనలో అధికభాగాన్ని ‘వైస్రాయ్’ అనే కృత్రిమ పాలకులకు అప్పగించారు. సామ్రాజ్యం పెరిగిన కొద్దీ ఒక్కరే అన్నిటినీ చూసుకోలేరన్న ఆలోచన తర్కబద్ధమే. కాని తన చేతితో ప్రతి గ్రహాన్నీ తీర్చిదిద్దుకోవడమే ఈ ఆటలో ఆనందమని మొదటి రెండు భాగాలు నేర్పాయి. మూడవ భాగంలో ఆటగాడు తన ఆటను తానే చూస్తూ కూర్చోవలసి వచ్చింది. ప్రక్రియకు పేరు పెట్టిన ఎమ్రిచ్ కూడా కొంతకాలం ఈ భాగం రూపకల్పనలో పాల్గొన్నాడన్నది గమనార్హం. లక్షణకర్త దగ్గర ఉన్నంత మాత్రాన లక్ష్యానికి యోగ్యత సిద్ధించదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

2011 అక్టోబర్‌లో విడుదలైన ‘స్వోర్డ్ ఆఫ్ ది స్టార్స్ 2’ సన్నిధిలోపానికి ఉదాహరణ. ఆలోచనలో లోపం లేకపోయినా, విడుదలైన రోజున ఆట అసంపూర్ణంగా, దోషభూయిష్ఠంగా ఉంది. ప్రచురణసంస్థ పారడాక్స్ క్షమాపణ చెప్పింది. ఆ తరువాత నెలల తరబడి సవరణలు వచ్చాయి. అయినా కర్త ఒకనాడు, కర్మ మరొకనాడు, క్రియ ఇంకొకనాడు అందిన వాక్యం లాగానే ఆ ఆట మిగిలిపోయింది. ఈ రెండు క్రీడల మీద వచ్చిన విమర్శలు పైకి ఒకే విధంగా కనిపించినా, మొదటిది పొసగనిదాని మీద వచ్చిన విమర్శ, రెండవది అందనిదాని మీద వచ్చిన విమర్శ. విమర్శకుడు ఈ భేదాన్ని గుర్తించకపోతే రెండింటినీ ‘అభిమానుల ఆగ్రహం’ అనే ఒకే గాటకు కట్టేస్తాడు.

3. బందరు అవధాన సభ: నియమం ఎవరిది?

అవధానాన్ని సాధారణంగా కవితావిద్యగా, ధారణాశక్తిగా పరిశీలిస్తారు. దాన్ని నియమబద్ధమైన క్రీడగా కూడా చూడవచ్చు. నిషేధాక్షరిలో పృచ్ఛకుడు ఒక అక్షరాన్ని నిషేధిస్తాడు, అవధాని మరొక అక్షరం వేస్తాడు, పృచ్ఛకుడు తిరిగి దాని తరువాతి అక్షరాన్ని ఊహించి అడ్డుకుంటాడు. ఇది ఎత్తుకు పై ఎత్తు. అష్టావధానంలో పూర్వం చదరంగం కూడా ఒక అంశంగా ఉండేది. అవధాని ఒకవైపు పద్యపాదాలు చెబుతూ మరొకవైపు పావులు నడిపేవాడు. వ్యూహక్రీడ తెలుగు సాహిత్యసభలో భాగంగా ఉన్నదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ఈ విద్యకు ఆంధ్రదేశమంతటా ప్రచారం తెచ్చిన తిరుపతి వేంకటకవులలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) బందరు హిందూ హైస్కూలులో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు వంటివారు ఆయన శిష్యులు. వేంకటశాస్త్రి తన సభానుభవాలను ‘కథలు–గాథలు’లో విస్తారంగా నమోదు చేశారు. అవధానసభలో నియమం ఎవరిదన్న ప్రశ్నకు మూడు అంచెల సమాధానం కనిపిస్తుంది. నియమాన్ని విధించేవాడు పృచ్ఛకుడు. ఆ నియమంలో నిలబడి పద్యం చెప్పేవాడు అవధాని. ఇద్దరూ హద్దులో ఉన్నారో లేదో చూసేది సభ. సమస్య ఛందస్సుకు లొంగనిదైతే తప్పు పృచ్ఛకుడిదని తెలిసినవారు సభలోనే ఉంటారు. అప్రస్తుత ప్రసంగి చేసే అల్లరి కూడా ముందుగా అంగీకరించిన అల్లరే. అంటే ఈ క్రీడ తనను భంగపరచే శక్తికి కూడా తనలోనే ఒక ఆసనం వేసింది.

అవధాన సమాజంలో కలహాలు లేకపోలేదు. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో తిరుపతి వేంకటకవులకూ కొప్పరపు సోదరకవులకూ మధ్య సాగిన వివాదం తెలుగునాట పండితులను, అభిమానులను రెండు పక్షాలుగా చీల్చింది. పద్యాలలోనూ వచనంలోనూ పరస్పర ఖండనలు వెలువడ్డాయి. ఈ వివాదాన్ని వ్యక్తుల స్పర్ధగా, ప్రాంతాభిమానంగా చదవడం వాడుక. ఆ అంశాలు అందులో ఉన్నాయి. అయితే కొలమానాల భేదం కూడా అందులో ఉంది. కొప్పరపు కవుల ప్రసిద్ధికి ఆశుకవితావేగం ప్రధానకారణం. గంటకు ఎన్ని పద్యాలు అన్నది అక్కడ ప్రశ్న. శతావధానంలో చెదరని ధారణ, సందర్భస్ఫూర్తి ప్రధానం. ఒక ఆటకు అలవాటుపడిన సభ మరొక ఆటను తన కొలతతో తూచినప్పుడు రెండు పక్షాలకూ అన్యాయం జరిగినట్లే అనిపిస్తుంది.

ఇటువంటి కొలమానాల భేదమే స్వీడన్‌కు చెందిన పారడాక్స్ సంస్థ రూపొందించిన ‘స్టెల్లారిస్’ విషయంలోనూ జరిగింది. 2016 మేలో విడుదలైన ఈ క్రీడలో నక్షత్రాల మధ్య ప్రయాణానికి మూడు పద్ధతులు ఉండేవి. ప్రతి సామ్రాజ్యం ఆట మొదట్లోనే ఒకదాన్ని ఎంచుకునేది. కొందరు కృత్రిమ సొరంగాలు తెరిచి దూరాలను ఒక్కసారిగా దాటేవారు, కొందరు ఎటు కావాలంటే అటు నేరుగా సాగేవారు, కొందరు నక్షత్రం నుంచి నక్షత్రానికి ముందే గీసి ఉన్న దారుల మీద మాత్రమే నడిచేవారు. 2018 ఫిబ్రవరి 22న వచ్చిన 2.0 అప్‌డేట్ అందరినీ మూడవ పద్ధతిలోకి తెచ్చింది. మిగిలిన రెండూ ఆరంభంలో ఎంచుకునే మార్గాలుగా లేకుండా పోయాయి.

క్రీడాదర్శకుడు మార్టిన్ ఆన్‌వార్డ్ ఈ మార్పును విడుదలకు కొన్ని నెలల ముందే ప్రకటించి కారణాలు వివరించాడు. శత్రువు ఎటు నుంచైనా రాగలిగితే సరిహద్దుకు అర్థం లేదు. సరిహద్దుకు అర్థం లేనప్పుడు కోట కట్టడం వృథా, యుద్ధమంటే పారిపోయే నౌకల వెంట పరుగులే. దారులు ఏర్పడితే కనుమలు ఏర్పడతాయి, కనుమలు ఏర్పడితే వ్యూహం ఏర్పడుతుంది. ఈ వాదన బలమైనది. కాని ఎదుటి పక్షం వాదన కూడా తక్కువది కాదు. మూడు ప్రయాణ పద్ధతుల వైవిధ్యాన్ని ఆట ప్రత్యేకతగా చూసి కొన్నవారు ఉన్నారు. వారికి ఇది ఆటను సరిదిద్దడం కాదు, ఆ పేరుతో మరొక ఆటను చేతిలో పెట్టడం. ఒక పక్షం వ్యూహగాఢతతోనూ మరొక పక్షం కల్పనాస్వేచ్ఛతోనూ ఆటను కొలిచాయి.

ఇక్కడ సంస్థ చేసిన రెండు పనులు గుర్తించదగినవి. మార్పును ముందుగా చెప్పి కారణాలు చర్చకు పెట్టింది. పాత రూపాన్ని తిరిగి ఎంచుకుని ఆడుకునే వీలును ఉంచింది. పృచ్ఛకుడు నియమాన్ని పద్యానికి ముందు చెప్పడం మొదటి పనికి సమానం. పాఠాంతరాన్ని చెరిపివేయకుండా భద్రపరచడం రెండవదానికి సమానం. పరిష్కర్త తనకు నచ్చిన పాఠాన్ని పైన ఉంచవచ్చు, కింద పాఠాంతరాలు ఇవ్వకపోవడం మాత్రం దోషం. ఈ న్యాయం కంప్యూటర్ క్రీడకూ వర్తిస్తుంది. అయినా పాత రూపంలో ఉండిపోయినవారికి కొత్త భాగాలు అందవు, తోటి ఆటగాళ్లూ తగ్గిపోతారు. కనుక ఈ పరిష్కారం పూర్తి న్యాయం కాదు, అందుబాటులో ఉన్న న్యాయం మాత్రమే.

4. చదరంగం: మధ్యలో మారిన నియమం

వ్యూహక్రీడలన్నిటికీ పూర్వరూపంగా చతురంగాన్ని చెబుతారు. ఐరోపాలో పద్దెనిమిదో శతాబ్ది చివర రూపొందిన యుద్ధక్రీడలు చదరంగాన్ని విస్తరించినవే. ఆ యుద్ధక్రీడల వారసత్వమే నేటి కంప్యూటర్ వ్యూహక్రీడలకు అందింది. చదరంగం నియమాలు స్థిరమైనవని సామాన్యాభిప్రాయం. కాని మంత్రికి నేడున్న బలం పదిహేనవ శతాబ్ది చివర ఐరోపాలో వచ్చింది. బంటు మొదటి ఎత్తులో రెండు గళ్లు దాటడం పాత భారతీయ పద్ధతిలో లేదు. కాబట్టి నియమం మారడం దోషం కాదు. ఎప్పుడు, ఎవరి కోసం మారిందన్నది ప్రశ్న.

2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ ర్యాపిడ్, బ్లిట్జ్ పోటీలు ఈ ప్రశ్నను స్పష్టంగా ముందుకు తెచ్చాయి. గుడివాడలో 1987లో జన్మించిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ల వయసుకే గ్రాండ్‌మాస్టర్ హోదా పొందారు. 2019లో మాస్కోలో మొదటిసారి ప్రపంచ మహిళా ర్యాపిడ్ విజేత అయ్యారు. న్యూయార్క్‌లో 11 ఆటలకు 8.5 పాయింట్లతో అదే బిరుదును రెండవసారి గెలుచుకున్నారు. ప్రకటించిన నియమాల ప్రకారం, ప్రకటించిన ఆటలు ఆడి సాధించిన విజయమది.

అదే వేదిక మీద మరొక కథ నడిచింది. జీన్స్ ధరించి వచ్చిన మాగ్నస్ కార్ల్‌సన్‌కు వస్త్రనియమం కింద జరిమానా పడింది. వెంటనే మార్చుకోవడానికి ఆయన అంగీకరించక ర్యాపిడ్ పోటీ నుంచి తప్పుకున్నారు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఆ నియమాన్ని సడలించిన తరువాత బ్లిట్జ్‌లో ఆడారు. తుదిపోరులో కార్ల్‌సన్, ఇయాన్ నెపోమ్నియాషీ వరుస డ్రాల తరువాత బిరుదును పంచుకుంటామని కోరారు, సమాఖ్య అంగీకరించింది. చదరంగ ప్రపంచంలో దీని మీద తీవ్రమైన వాదోపవాదాలు జరిగాయి.

డచ్ చరిత్రకారుడు యోహాన్ హౌజింగా 1938లో వెలువరించిన ‘హోమో లూడెన్స్’లో మోసగాడికీ ఆట చెడగొట్టేవాడికీ భేదం చూపాడు. తొండి ఆడేవాడు కనీసం ఆటను గౌరవిస్తున్నట్లు నటిస్తాడు, ఆట చెడగొట్టేవాడు ఆట అనే లోకాన్నే కూలుస్తాడు. న్యూయార్క్ ఉదంతం ఈ రెండింటిలో దేనికీ చెందదు. ఇక్కడ ఎవరూ తొండి ఆడలేదు. నియమకర్త స్వయంగా, పోటీ మధ్యలో, ప్రసిద్ధుల కోరిక మీద నియమాన్ని వంచాడు. వస్త్రనియమం సడలింపు ఆటలోపలి సమతూకాన్ని తాకలేదు, కనుక అది క్షమార్హం. బిరుదు విభజన ఆట లక్ష్యాన్నే తాకింది. అది మంచి నియమం కావచ్చు, కాని ఆట ముగిసే వేళ వచ్చిన నియమం. పద్యం సగం చెప్పిన తరువాత ఛందస్సు మార్చుకోవడాన్ని అవధానసభ ఒప్పుకోదు. అంతరిక్ష వ్యూహక్రీడల్లో ఆటగాళ్లు పదే పదే లేవనెత్తే అభ్యంతరం సరిగ్గా ఇదే.

5. దివిసీమ నిందాస్తుతి: ఫిర్యాదులోని అనుబంధం

ఆటగాళ్ల ఫిర్యాదును వినేవారికి ఒక సందేహం కలుగుతుంది. ఇంతగా తిట్టేవారు ఆ ఆటను విడిచిపెట్టరెందుకు? దీనికి దివిసీమ శతకసాహిత్యంలో సమాధానం దొరుకుతుంది. కాసుల పురుషోత్తమకవి కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్ర మహావిష్ణువును సంబోధించి ‘ఆంధ్రనాయక శతకం’ రచించాడు. హంసలదీవి వేణుగోపాలస్వామి మీద కూడా ఆయన శతకం ఉంది. ఆంధ్రనాయక శతకంలోని సీసపద్యాలు నిందాస్తుతికి ప్రసిద్ధం. కవి దేవుణ్ణి బయటివాడిలా దూషించడు. దేవుడి బిరుదులనూ, పురాణాలు చెప్పే చేతలనూ ఎదురెదురుగా నిలబెట్టి, నీ పేరుకూ నీ పనికీ పొందిక ఏదని నిలదీస్తాడు. సాక్ష్యమంతా దేవుడి చరిత్రలోంచే తీసుకుంటాడు. అలా నిలదీయడానికి ఆ చరిత్ర అంతా తెలిసి ఉండాలి. అంటే నింద ఇక్కడ పరిచయానికి గుర్తు, చనువుకు ఫలం.

ఐస్‌లాండ్ సంస్థ సీసీపీ 2003 నుంచి నడుపుతున్న ‘ఈవ్ ఆన్‌లైన్’ వేలాదిమంది ఒకే విశ్వంలో ఆడే అంతరిక్ష క్రీడ. 2014 జనవరిలో అందులో జరిగిన ఒక యుద్ధంలో ఏడువేలమందికి పైగా ఆటగాళ్లు పాల్గొన్నారు. దాదాపు 21 గంటలు సాగిన ఆ యుద్ధంలో కూటములు, పొత్తులు, సరఫరాలు, ద్రోహాలు అన్నీ ఆటగాళ్లే నడిపినవి. అక్కడ సంస్థ రంగాన్ని మాత్రమే ఇస్తుంది, ఇతిహాసాన్ని ఆటగాళ్లు రాసుకుంటారు. 2011 జూన్‌లో సంస్థ అలంకార వస్తువులను అమ్మకానికి పెట్టింది. వాటిలో ఒంటికన్ను అద్దం వెల 60 డాలర్లకు పైబడింది. అదే సమయంలో సంస్థ అంతర్గత పత్రిక ఒకటి బయటికి పొక్కింది. డబ్బుకు ఆటలోని బలాన్ని కూడా అమ్ముతారేమోనన్న అనుమానం వ్యాపించింది. ఆటగాళ్లు వందలుగా ఆటలోని ప్రధాన వర్తకకేంద్రానికి చేరి, ఎన్ని కాల్పులకైనా చెక్కుచెదరని ఒక స్మారకస్తంభం మీద కాల్పులు జరిపారు.

చెక్కుచెదరని స్తంభాన్ని కాల్చడం వల్ల లాభమేమీ లేదు. ఆ నిష్ఫలత్వమే దాని అర్థం. ఆట ఇచ్చిన ఆయుధాలతో, ఆటలోపలే, ఆట నియమాలను దాటకుండా చేసిన నిరసన అది. పురుషోత్తమకవి పురాణాన్నే సాక్ష్యంగా తెచ్చినట్లు వీరు ఆటనే వాదంగా మార్చారు. సంస్థ 2008 నుంచి ఆటగాళ్లు ఎన్నుకుంటున్న ప్రతినిధి మండలిని రెయ్‌క్యావిక్‌కు పిలిపించి చర్చించింది. డబ్బుకు బలం అమ్మబోమన్న హామీ వెలువడింది. అక్టోబర్‌లో సంస్థాధిపతి హిల్మర్ పీటర్సన్ బహిరంగ లేఖలో క్షమాపణ చెప్పాడు. అదే నెలలో సంస్థ దాదాపు ఇరవై శాతం ఉద్యోగులను తొలగించింది. తరువాతి అప్‌డేట్‌లో దృష్టి మళ్లీ నౌకల మీదికి మళ్లింది.

ఈ పోలికకు ఒక హద్దు ఉంది. వ్యాజస్తుతిలో నింద పైపొర, స్తుతి తాత్పర్యం. ఆటగాడి నింద నిజమైన నింద, స్తుతి అందులో పూర్వస్మృతిగా మాత్రమే మిగులుతుంది. అంతకన్నా ముఖ్యమైన భేదం మరొకటి ఉంది. నిందాస్తుతిని అందుకునేది దేవుడు. క్రీడాసమాజపు నింద చాలాసార్లు జీతానికి పనిచేసే ఉద్యోగి మీద పడుతుంది. నిర్ణయం పై అంతస్తులో జరిగినా మూల్యం కింది అంతస్తు చెల్లిస్తుందని 2011 నాటి ఉద్యోగాల తొలగింపు గుర్తుచేస్తుంది. కనుక నిందకూ దూషణకూ మధ్య గీత గీయడం విమర్శకుడి పని. రచన ఇచ్చిన మాటను రచన ముందు పెట్టి అడిగేది నింద. మనిషిని వెతికి పట్టుకుని గాయపరచేది దూషణ. మొదటిది క్రీడాసమాజానికి హక్కు. రెండవదాన్ని ఆ హక్కు పేరుతో సమర్థించడం ఆ హక్కునే బలహీనపరుస్తుంది.

6. చర్చకు రాని ఆకాంక్ష

ఇంతవరకు పరిశీలించిన అంతరిక్ష క్రీడల వివాదాలలో ఆటగాళ్లూ సంస్థలూ ఒక విషయంలో ఏకీభవిస్తారు. సామ్రాజ్యం విస్తరించాలి, ఆటగాడే ఆ సామ్రాజ్యం. కలహమంతా ఆ విస్తరణ ఎలా జరగాలన్న దాని మీదనే. మచిలీపట్నం నుంచి చూసినప్పుడు ఈ మౌనాంగీకారం కనిపించకపోదు. పదిహేడవ శతాబ్ది తొలి సంవత్సరాలలో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు, ఆ తరువాత ఫ్రెంచివారు ఈ రేవులో వర్తకస్థానాలు నెలకొల్పారు. 1759 ఏప్రిల్‌లో ఆంగ్ల సేనాని ఫోర్డ్ బందరు కోటను ఫ్రెంచివారి నుంచి పట్టుకున్నాడు. అన్వేషణ, విస్తరణ, వనరుల వినియోగం, నిర్మూలన అనే నాలుగు క్రియలలో బందరు కర్తగా లేదు, కర్మగా ఉంది. రంగుబట్టల నేతగాళ్లు, అద్దకపువారు ఎవరి పటం మీదనో వనరులుగా లెక్కకు వచ్చారు.

దీన్నిబట్టి ఈ క్రీడలను తిరస్కరించాలని చెప్పడం తొందరపాటు. చతురంగం కూడా యుద్ధమే. అయితే ఆకాంక్షాక్షితిజం అందరికీ ఒకటి కాదని ఈ ఉదాహరణ తెలుపుతుంది. చదరంగంలో ఇద్దరికీ సమానమైన బలాలతో ఆట మొదలవుతుంది. 4ఎక్స్ క్రీడలో ఆటగాడికి ఎదురయ్యే చిన్న నాగరికతలు చాలాసార్లు ఆటగాళ్లుగా లెక్కకు రావు, అవి పటం మీద పదార్థాలు. ఆటగాళ్ల హక్కును గురించి మాట్లాడే విమర్శ, ఆటలో ఎవరికి ఆటగాడి హోదా దక్కిందన్న ప్రశ్నను కూడా అడగాలి. డెల్టా కళాశాలల్లో తెలుగు చదువుతున్న విద్యార్థి ఈ ప్రశ్నను అడగడానికి బయటి సిద్ధాంతం కోసం ఎదురుచూడనక్కరలేదు. ఆ రేవు చరిత్ర చాలు.

7. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు:

1. క్రీడాసమాజపు వివాదాలను ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు హేతువులతో విడదీసి చూడవచ్చు. ‘మాస్టర్ ఆఫ్ ఓరియన్ 3’ యోగ్యతాలోపానికి, ‘స్వోర్డ్ ఆఫ్ ది స్టార్స్ 2’ సన్నిధిలోపానికి నిదర్శనాలు.

2. నియమం మారడం సహజం. మార్పు ఆటకు ముందు ప్రకటింపబడిందా, పాతరూపం భద్రపరచబడిందా, ఆటగాడికి సమాధానం చెప్పే సభ ఉందా అన్న మూడు ప్రశ్నలతో దాని న్యాయాన్ని తేల్చవచ్చు. ‘స్టెల్లారిస్’ 2.0 మొదటి రెండింటిలో చాలావరకు నెగ్గింది. న్యూయార్క్ బ్లిట్జ్ తుదిపోరు మొదటిదానిలో ఓడింది. ‘ఈవ్’ సంస్థ 2011లో సభ ఉండీ ఆలస్యంగా పిలిచింది.

3. ఆటగాడి ఫిర్యాదు చాలాసార్లు నిందాస్తుతి స్వభావం కలది. అది అనుబంధం నుంచి పుడుతుంది, రచన మాటను రచనకే గుర్తుచేస్తుంది. అది వ్యక్తిదూషణగా మారినప్పుడు ఆ స్వభావాన్ని కోల్పోతుంది.

4. ఈ ప్రక్రియలో విస్తరణకాంక్ష ప్రశ్నకు రాకుండా మిగిలిపోతున్నది. వలసరేవు చరిత్ర ఉన్న ప్రాంతాల పాఠకులు ఆ ప్రశ్నను చేర్చగల స్థానంలో ఉన్నారు.

అవధానం, చదరంగం, శతకం వేర్వేరు విద్యలు. నియమాన్ని స్వీకరించినవాడికి ఆ నియమం గురించి అడిగే అధికారం ఉంటుందన్నది మూడింటికీ సమానమైన సూత్రం. ఆ అధికారాన్ని గుర్తించిన చోట కలహం విమర్శగా పరిణమిస్తుంది. గుర్తించని చోట అది కలహంగానే ముగుస్తుంది.